నిమ్మకాయలు తొక్కని బోర్డు

నేను ఒక స్కేట్‌బోర్డును. ఒక్కచోట పడి ఉండమంటే నాకు ఒళ్ళు మండుతుంది. బల్లగా పుట్టి ఉంటే కదలకుండా ఉండేదాన్నే. చక్రాలు బిగించి మరీ ఊరుకోమనడం ఏం న్యాయమో మీరే చెప్పండి.

నన్ను చేసినవాడు వరహాలు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర ఒక రేకుల షెడ్డు, చెక్కను నొక్కి వంచే ఇనప చట్రం ఒకటి, యజమానీ పనివాడూ తనే. దాన్నే ఆయన కంపెనీ అంటాడు, పేరు ‘కెరటం’. పలచటి చెక్క పొరలకు జిగురు రాసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, నన్ను ఆ చట్రంలో బిగించాడు. ఎప్పుడు వదులుతాడా అని అందులో ఉన్నంతసేపూ గింజుకున్నాను. వదిలాక నా పొట్టమీద ఎర్రరంగుతో కంపెనీ పేరు రాశాడు.

నాకన్నా ముందు పుట్టిన అన్న ఒకడు హైదరాబాదు పోటీల్లో అందరూ చూస్తుండగా రెండు ముక్కలయ్యాడు. ఎక్కినవాడికి దెబ్బ తగల్లేదు గానీ వరహాలు పరువు పోయింది. దుకాణాలవాళ్ళు కెరటం బోర్డులన్నీ తిప్పి పంపేశారు. ఒకప్పుడు బీచ్ రోడ్డంతా తనదే అన్నట్టు తిరిగిన మనిషి, ఆ రోజు నుంచి ఏ బోర్డు మీదా కాలు పెట్టలేదు. అడిగినవాళ్ళకు మోకాలి నొప్పి అని చెప్పేవాడు.

చివరికి ఆయనకు ఒకటే ఆశ మిగిలింది. నీళ్ళు తీసేసిన ఈతకొలనులో, గోడ అంచుదాకా ఎగసిన కెరటం బోర్డు ఫొటో ఒకటి కావాలి. అది చూస్తేనన్నా జనం నమ్ముతారు, లేకపోతే షెడ్డు మూసేసి మళ్ళీ ఇళ్ళకు తలుపులు చేసుకోవడమే.

భీమిలి దారిలో మూతపడ్డ రిసార్టు ఒకటి దొరికింది. దాని కొలను గోడలు నిటారుగా కాకుండా మూకుడులా వంపు తిరిగి ఉన్నాయి. కొత్త యజమాని దాన్ని నింపిస్తున్నాడనీ, మధ్యాహ్నానికి ట్యాంకర్లు వస్తాయనీ, ఆలోపే కానిచ్చుకోమనీ కాపలాదారు చెప్పాడు. ఫొటోలు తీయడానికి ఇమ్మానుయేలు వచ్చాడు. ఆయనకు పెళ్ళిఫొటోలు తప్ప మరొకటి తెలియదు. నన్ను ఎక్కడానికి జాలరిపేట నుంచి రత్నం వచ్చింది. బీచ్ రోడ్డు మీద ఆమెను మించినవాళ్ళు లేరని పేరు.

వాళ్ళు రాగానే దూకేద్దామని నేను తహతహలాడుతుంటే, వరహాలు నన్ను కొలను గట్టుమీద పెట్టి పసుపు పూశాడు, బొట్టు పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. లారీకి చేసినట్టే నాకూ చేశాడు, మర్యాదకు సంతోషించాను. కానీ లారీ కింద చితికే నిమ్మకాయలు నా బరువుకు చెక్కు చెదరలేదు. చేతులతో అదిమినా చితకలేదు. నామీద ఎక్కి నిలబడితే చిటికెలో పని అయిపోయేది. ఆయన మాత్రం చెప్పులు విప్పి, ఒక్కో కాయనూ పక్కకు తీసి మడమతో తొక్కి, ఆ రసం తెచ్చి నా చక్రాలకు పూశాడు.

రత్నం అంతా చూసింది. నా చక్రాలు తుడుచుకుంది గానీ గట్టుమీద పడ్డ రసం సంగతి ఎవరికీ తోచలేదు. ఆమె నన్నెక్కి కొలనులోకి దిగబోతుంటే నా వెనక చక్రాలు ఆ రసం మీద సర్రున జారాయి. ఆమె మణికట్టు మీద పడింది. నేను మాత్రం కొలనులో ఆ గోడకూ ఈ గోడకూ దొర్లుతూ, సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయిగా తిరిగాను.

వరహాలు పరుగున దిగి ముందు నన్ను తీసుకున్నాడు. తిరగేసి, ఎండకు పట్టి, చీలిక కోసం వేలితో తడిమాడు. ఆ తరువాతే ఆమె దగ్గరికి వెళ్ళాడు.

వాచిన చెయ్యి పట్టుకుని రత్నం మెల్లగా అంది, “బాబాయ్, నువ్వు ఎక్కలేని దాన్ని నన్నెక్కమన్నావేటి?”

బయట ట్యాంకరు హారను మోగింది. ఇమ్మానుయేలు కెమెరా సంచీ సర్దడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంతేనా నా బతుకు, పసుపు పూయించుకుని ఇంటికి పోవడమేనా అనుకున్నాను.

అప్పుడు వరహాలు నన్ను కొలను అడుగున పెట్టి కాలు మోపాడు. ఆయన బరువు నా పొరలన్నిటికీ తెలిసింది. ఒకసారి గోడెక్కి దిగాం. ఇంకోసారి ఇంకాస్త పైకి వెళ్ళాం. విరుగుతుందని ఆయనకు భయం, నిజం చెప్పాలంటే నాకూ భయమే. మూడోసారి నా చక్రాలు అంచు పలకలమీద కటకటమన్నాయి. సరిగ్గా అప్పుడే ఇమ్మానుయేలు అలవాటు కొద్దీ, “ఇటు చూడండి, కొంచెం నవ్వండి,” అన్నాడు. వరహాలు పెళ్ళికొడుకులా ఇటు చూశాడు, నవ్వాడు.

ఫొటోలో కంపెనీ పేరు పడనే లేదు. అయినా చూసినవాళ్ళంతా, చేసినవాడే ఎక్కాడు కదా, ఇంకేం కావాలన్నారు. షెడ్డు మూతపడలేదు. రత్నం చెయ్యి నయమయ్యాక, వరహాలు ముందు ఎక్కి చూపించిన బోర్డు తప్ప ఎక్కనని షరతు పెట్టింది. ఆయన ఇప్పుడు ప్రతి కొత్త బోర్డునూ ముందు తనే ఎక్కుతున్నాడు. వాటి కింద నిమ్మకాయలు చితికే చప్పుడు నాకు వినబడుతూనే ఉంటుంది.

మరి నేనో? ఆ ఫొటో పక్కనే, గోడకు మేకు కొట్టి తగిలించాడు. నామీద నమ్మకం కుదిరింది కదా, ఇక ఎవరినీ ఎక్కనివ్వడు. వచ్చినవాళ్ళు ఫొటో చూసి, నన్ను చూసి, వేలితో నా చక్రం ఒకటి తిప్పి వెళ్ళిపోతారు. అది ఆగేదాకా నేను ఆ కొలనులోనే ఉంటాను.