జొన్న గేటు దాటాలి

ఆదివారం పొద్దున పది గంటల లోపు జొన్న నేర్చుకోవాల్సినవి నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను.

మనిషి ఎదురుగా ఉన్నా తినాలి.
మెడపట్టీ కట్టించుకోవాలి.
తాడుతో గేటు దాకా నడవాలి.
కారెక్కాలి.

ఐదోది కూడా రాశాను, వణకకూడదని. తర్వాత కొట్టేశాను. అది నేర్పితే వచ్చేది కాదు. చేతిలో పన్నెండు రోజులున్నాయి.

జొన్న మా షెల్టర్‌లో ఉన్న ఆడకుక్క. ఒంటి రంగు జొన్నరొట్టెలా ఉంటుందని ఆ పేరు. గుండ్లపోచంపల్లిలో గోదాముల వెనక, ఎవరో రాళ్లతో కొట్టగా వెనక కాలు విరిగి పడి ఉంటే తెచ్చారు. కాలు అతుక్కుంది. శామీర్‌పేట దగ్గర, అలియాబాద్ దాటాక ఉన్న ఈ షెల్టర్‌లో మూడు నెలలుగా బండరాతి బల్ల కింద మూలకు ఒదిగి బతుకుతోంది. మనిషి కనిపించినంతసేపు ముద్ద ముట్టదు.

షెల్టర్ నడిచే స్థలం లీజు ఆ నెలాఖరుతో అయిపోతోంది. చుట్టూ వెంచర్ పడింది, హద్దురాళ్లు మా గోడ దాకా వచ్చేశాయి. పొద్దంతా జేసీబీ మోత. మిగతా కుక్కలన్నీ ఇళ్లకో, ఇంకో పెద్ద షెల్టర్‌కో వెళ్లిపోయాయి. జొన్ననూ ఒకసారి అక్కడికి పంపాం. అన్ని కుక్కల అరుపుల మధ్య నాలుగు రోజులు నీళ్లు కూడా తాగలేదు. సెలైన్ సీసాతో వెనక్కి తెచ్చుకున్నాం. మళ్లీ పంపితే బతకదని డాక్టర్ చెప్పేశారు.

మిగిలిన దారి రాజారావు సారు. పేట్ బషీరాబాద్‌లో ఉంటారు, రిటైరైన లెక్కల మాస్టారు. పొద్దున తనతో నడిచే నెమ్మదైన కుక్క కావాలన్నారు. ఆ ఆదివారం భార్యతో వచ్చి చూస్తామన్నారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మేడ్చల్‌లో బీఎస్సీ చేసి, కుక్కలకు శిక్షణ ఇచ్చే కోర్సు సర్టిఫికెట్ కూడా తెచ్చుకుని ఈ షెల్టర్‌లో చేరాను. నాయిన గోదాములో హమాలీ. మధ్యాహ్నం అన్నం తినే వేళకు ఫోన్ చేసేవాడు.

"తేజూ, కుక్క తిన్నదా?"

"లేదు నాయినా."

"గౌరయ్య బిడ్డ డిగ్రీ జేసి కుక్కల ఎంబడి తిరుగుతాందట గదా అని ఈడ అడుగుతాన్రు."

"నువ్వేమన్నవ్?"

"మనుషుల ఎంబడి తిరిగి మీరేం సంపాయించిన్రో జెప్పున్రి అన్న."

నవ్వాను కానీ నవ్వు నిలవలేదు.

శిక్షణ పుస్తకాల్లో చదివినవన్నీ చేశాను. దాని కళ్లలోకి చూడలేదు. పక్కకు తిరిగి నిలబడ్డాను. మెల్లగా పేరు పెట్టి పిలిచాను. ఉడికించిన చికెన్ తీసుకెళ్లి, వంగి, గిన్నె నేల మీద పెట్టేదాన్ని. గిన్నె నేలను తాకేలోపే జొన్న గోడకు కరుచుకుపోయేది. ఒక్కోసారి ఉచ్చ పోసుకునేది. రిజిస్టర్‌లో ఐదు రోజులు వరసగా 'మార్పు లేదు' అని రాశాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. గేటు దాకా వెళ్లి అడుగులు లెక్కపెట్టి వచ్చేదాన్ని. నలభై ఆరు.

ఆరో రోజు సత్తమ్మ చీపురు గోడకు ఆనించి నా దగ్గరికొచ్చింది. షెల్టర్ కడిగి ఊడ్చేది ఆమే. అలియాబాద్ నుంచి నడిచి వస్తుంది.

"బిడ్డా, అంటే అన్ననంటవ్ గని, నువ్వు దినాం దానికి రాయి జూపిస్తున్నవ్."

"రాయేంది సత్తమ్మక్కా, చేతిల ముక్కలుంటే!"

"ముక్క తర్వాత జూస్తది. ముందుగాల నీ నడుము వంగుడు జూస్తది. కుక్క ఎదురొస్తె మనోళ్లేం జేస్తరు? వంగుతరు. రాయి ఉండనీ, లేకపోనీ. నువ్వెన్నడు వంగలేదా?"

వంగాను. మూడో తరగతిలో బడికి పోయే దారిలో నాయిన నేర్పాడు. 'రాయి లేకున్నా వంగు బిడ్డా, కుక్క ఉరికిపోతది' అని. ఏడేళ్లు ఆ దారిలో నన్ను కాపాడిన విద్య అది. పుస్తకాలు రాసినవాళ్లకు అది తెలియదు. నాకు తెలిసీ తట్టలేదు.

"మరి ఇప్పుడేం చేద్దాం?"

"వంగకు."

గిన్నెను జొన్న ఉండే గది ముందున్న నడుమెత్తు గోడ మీద పెట్టి ఇవతలికి వచ్చేశాం. జొన్న అరగంటకు లేచింది. గోడకు ముందు కాళ్లు ఆనించి, మేం చూస్తుండగా తిన్నది. నేను సంతోషంతో గెంతబోయి ఆగాను. సత్తమ్మ మాత్రం, "ఉప్పెయ్యలేదు గద? మంచిగనే తిన్నది" అని చీపురు అందుకుంది.

ఎల్లకాలం వంగని మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకే తర్వాతి పని నేనే ఆలోచించాను. దూరంగా నిలబడి కాస్త తల వంచి, ఒక ముక్క విసరాలి. అది తిన్నాక ఇంకాస్త వంగి, ఇంకో ముక్క. మోకాళ్ల దాకా వంగి, ఇంకోటి. రోజుకు వంద సార్లు. జొన్న వెనక్కి తగ్గితే నేనూ నాలుగడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ తల వంచడం దగ్గర్నుంచే మొదలుపెట్టేదాన్ని.

"డిగ్రీల గీ గుంజీలే నేర్పిన్రా?" అనేది సత్తమ్మ. అంటూనే రెండో వైపు నిలబడి తనూ వంగేది. ఇద్దరం రెండు చివర్లా నమస్కారాలు పెడుతుంటే గోడ అవతల సర్వే కుర్రాళ్లు పని ఆపి చూసేవాళ్లు.

తొమ్మిదో రోజుకు నేను వంగితే జొన్న నా చేతి వైపు చూసింది. పదో రోజు పట్టీ కట్టించుకుంది. పదకొండో రోజు నలభై ఆరడుగుల్లో ముప్పై నడిచి, జేసీబీ మోతకు కూలబడింది. శనివారం గేటు దాకా వచ్చింది. కారు ఎక్కించి చూడటానికి మాకు కారు లేదు.

ఆదివారం రాజారావు సారు గంట ముందే వచ్చేశారు. ఎలా మెలగాలో ఆయనకు అంతకుముందే వాట్సాప్‌లో పద్నాలుగు సూచనలు పంపాను. పద్నాలుగూ పుస్తకంలోవే. సత్తమ్మ చెప్పింది అందులో లేదు. ఆ సంగతి ఆయన చేయి చాపి, "రావే తల్లీ" అని వంగుతున్నప్పుడు గుర్తొచ్చింది.

నల్లా దగ్గర నుంచి సత్తమ్మ కేకేసింది. "సారూ, వంగకు!"

ఆయన సగంలో ఆగిపోయారు. "ఎందుకమ్మా?"

"ఆగు, ఇగ లేవకు! లేస్తె రాయి ఇసురుతరనుకుంటది, గట్లనే ఉండు!"

జొన్న నా చేతిలోని తాడు చివరిదాకా వెనక్కి లాక్కుపోయింది. వెనక కాళ్లు వణుకుతున్నాయి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సారు అలాగే ఉన్నారు. కారులోంచి ఆయన భార్య, "డాక్టర్ చెప్తే ఒక్కనాడన్న ఇట్ల వంగినవా?" అన్నారు. నేను ముక్క విసిరాను. అది సారు కాళ్ల ముందు పడింది. జొన్న ఆయన ఖాళీ చేతిని చూసింది. నన్ను చూసింది. వణుకుతూనే నాలుగడుగులు వేసి ముక్క తిన్నది. వెనక్కి పోలేదు.

"తొందరేం లేదు, ఉండనీ" అన్నారు సారు, నడుము పట్టుకుంటూనే.

తర్వాత నా వెంట గేటు దాటింది. కారు దగ్గర మాత్రం కదల్లేదు. అరగంట గడిచింది. ఆఖరికి సారు భార్య, "నువ్వు ముందుగాల కూసో అక్కా, నీ ఎంబడి వస్తదేమో" అన్నారు సత్తమ్మతో.

"గీ తడి చీరతోని కార్లనా?"

"కడుక్కుంటం తియ్యి, కూసో."

సత్తమ్మ వెనక సీటులో ఒక అంచున కూర్చుంది. జొన్న చాలాసేపు చూసింది. ముందు కాళ్లు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఎక్కింది. సత్తమ్మ పేట్ బషీరాబాద్ దాకా వెళ్లి, జొన్న ఆ ఇంట్లో నీళ్లు తాగేదాకా కూర్చుని, రెండు బస్సులు మారి ఇంటికి చేరింది.

మూడో రోజు సారు ఫోన్ చేశారు. "మేం ఎదురుగానే ఉన్నం తేజస్వీ, తిన్నది." ఎవరైనా వంగి ఇల్లు ఊడ్చేటప్పుడు మాత్రం మంచం కిందికి పోతుందట.

షెల్టర్ నడిపే సంస్థ ఆఫీసుకు పంపిన కాగితంలో 'శిక్షణ ఇచ్చినవారు' అన్న చోట ఒక్క పేరుకే జాగా ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ల పేరే రాయాలన్నారు. నా పేరు రాశాను. మెచ్చుకుంటూ జవాబొచ్చింది. సత్తమ్మ గురించి విడిగా రాసిన ఉత్తరానికి ఇంకా రాలేదు. షెల్టర్ ఇప్పుడు లేదు. ఆమె తూంకుంటలో ఒక ఫంక్షన్ హాలు ఊడుస్తోంది.

ఆ కాగితంలో పట్టని పేరు ఇక్కడ రాస్తున్నాను. సత్తమ్మ, అలియాబాద్. నా పేరు మరిచిపోయినా పర్వాలేదు, దయచేసి ఆమెను గుర్తుంచుకోండి.