వంక దాటే టైర్లు

యేసన్న లారీ చుట్టూ తిరుగుతూ ఇనుప కడ్డీతో ఒక్కో టైరునూ కొడుతున్నాడు. కొట్టి, తల పక్కకు వంచి వింటాడు. గాలి నిండుగా ఉన్న టైరు గట్టిగా పలుకుతుంది, కడ్డీ చేతిలో ఎగిరి వెనక్కి వస్తుంది. గాలి దిగినదైతే దిండును కొట్టినట్టు ఉంటుంది. వెనక లోపలి టైర్లు కంటికి ఆనవు. వాటి కోసం మోకాళ్ళ మీద కూర్చుని, జంట చక్రాల సందులో కడ్డీ దూర్చి మరీ కొట్టాడు. తెల్లవారగానే రోజూ చేసే పనే అది.

"ఎందుకన్నా ఊరికే కొడతావు? ఇంగొక గంటకు పీకి పారేసేవే గదా," అన్నాడు జయరాముడు, క్యాబిను మెట్టు మీద కూర్చుని మొహం తుడుచుకుంటూ.

"పీకేదాకా మనవే గదప్పా," అన్నాడు యేసన్న.

జయరాముడు ఆ లారీకి రెండో డ్రైవరు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఒకరోజు యేసన్న, ఒకరోజు జయరాముడు స్టీరింగు పట్టుకుంటారు. పట్టుకోనివాడు ఆ రోజు పైపు పట్టుకుని నీళ్ళు వదులుతాడు. కరువు పనుల కింద నల్లమాడ చుట్టుపక్కల పల్లెలకు నీళ్ళు మోసే డీజిలు లారీ అది. అరవై ఆరు ఎండాకాలం. వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టాయి. బావుల్లో అడుగు రాళ్ళు కూడా తెల్లగా ఎండిపోయాయి.

యేసన్నకు యాభై నాలుగు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. కుడి ముంజేయి ఎడమ దానికంటే నల్లగా ఉంటుంది, ఇరవై అయిదేళ్ళు లారీ తలుపు మీద ఎండకు పెట్టుకున్న చెయ్యి అది. ఖాకీ చొక్కా కాలరు చిరిగితే భార్య నల్లమ్మ విప్పి తిరగేసి కుట్టింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి, అస్సాం బురద రోడ్ల మీద లారీ తోలడం నేర్చాడు. తిరిగొచ్చాక కదిరిలో బొగ్గుతో నడిచే బస్సు తోలాడు, తరవాత శెనక్కాయల లారీలు, ఇప్పుడు ఇది. సొంత బండి ఎప్పుడూ లేదు. అతనికి కాలమంతా టైర్ల లెక్కన గుర్తుంటుంది. కూతురు ఎప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే, బొగ్గు బస్సుకు ముందు టైర్లు మార్చిన ఏడు అంటాడు. నల్లమ్మ నవ్వి, అసలు సంవత్సరం తాను చెబుతుంది.

ముత్యాలప్ప టైర్ల అంగడి కదిరిలోనే, పెద్ద రోడ్డు మీద ఉంది. అతను అంగడి తలుపులు తీసి, యేసన్న ఇచ్చిన ఆఫీసు చీటీని కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. రెండంటే రెండు కొత్త టైర్లు అని ఉంది. టైర్లకు కటకటగా ఉన్న రోజులు. ఆ రెండూ దొరకడమే గొప్ప.

"నిలువు గీతలవి రెండుండాయి, లగ్గువి రెండుండాయి. నీకేవి కావాల్నో చూస్కో," అన్నాడు ముత్యాలప్ప.

నిలువు గీతల టైర్లు ముందుకు వేసేవి. స్టీరింగు చెప్పిన మాట వింటాయి, తారురోడ్డు మీద సాఫీగా పోతాయి. లగ్గు టైర్లు వెనక్కు. వాటి మీద అడ్డంగా వేలెడు ఎత్తున గట్లు ఉంటాయి, ఇసుకనూ బురదనూ గోళ్ళతో పట్టినట్టు పట్టుకుని బండిని ముందుకు నెడతాయి. లారీకి ముందు టైర్లు నున్నగా అరిగి, ఒకదానికి నూలు కూడా తేలింది. వెనక బయటి రెండూ అంతే. లోపలి రెండు మాత్రం మొన్న చలికాలంలో పైన కొత్త రబ్బరు పట్టీ వేయించినవి.

"దీంట్లో ఆలోచన చేసేదేముండాది?" అన్నాడు ముత్యాలప్ప, యేసన్న రెండు జతలనూ మార్చి మార్చి చూస్తుంటే. "గీతలవి తీస్కోని ముందర ఎయ్యి. ముందర టైరు పగిల్తే మనిషి మిగలడు."

అది యేసన్నకు తెలియనిది కాదు. కానీ అతనికి వంక అవతల ఉన్న పల్లె గుర్తొస్తోంది. దాన్ని అందరూ అవతలపల్లె అనే పిలుస్తారు. ముప్ఫై ఇళ్ళు. వంకలో నీళ్ళు లేవు గానీ మోకాలి లోతు ఇసుక ఉంది. రెండుసార్లు దాటబోతే లారీ ఇరుసుదాకా కూరుకుపోయింది. తవ్వి బయటికి లాగేసరికి మధ్యాహ్నమయింది, ఆ రోజు తక్కిన పల్లెలకు నీళ్ళు లేవు. అప్పటి నుంచి లారీ ఇవతలి గట్టునే ఆగుతోంది. ఆడవాళ్ళు మట్టిదారిలో, ఆ ఇసుకలో మైలున్నర నడిచొచ్చి, నిండు కడవలతో మళ్ళీ మైలున్నర నడుస్తారు. పది రోజుల క్రితం బయమ్మ అనే ముసలామె వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అయింది. ఆమె పైపు మూతిలోకి ఒకసారి చూసింది. తిట్టలేదు. "ఉండనీలే నాయనా, రేపొస్తాలే," అని ఖాళీ కడవ చంకనెత్తుకుని వెనక్కి తిరిగింది. ఇసుకలో ఆమె పాదాలు కూరుకుపోతూ లేస్తూ అవతలి గట్టు ఎక్కేదాకా యేసన్న చూస్తూ నిలబడ్డాడు.

"లగ్గువే తీస్కుంటా," అన్నాడు చివరికి.

జయరాముడు మెట్టు మీంచి లేచాడు. "ముందర ఆ నూలు టైర్లతోనే తోల్తామా అన్నా?"

యేసన్న అతనివైపు చూశాడు. జయరాముడి పెళ్ళానికి ఏడో నెల. తన ఒక్కడి ప్రాణమే అయితే ఇంతసేపు ఆలోచించేవాడు కాదు, నిదానంగా తోలుకుంటాలే అనుకునేవాడు. రోజు మార్చి రోజు ఆ స్టీరింగు వెనక కూర్చునేది ఇతను.

"ముత్యాలప్పా, పాత టైర్లు యాడేసినావు?"

అంగడి వెనక రేకుల కింద గుట్టగా పడి ఉన్నాయి. బస్సులవి, లారీలవి, ఎక్కడెక్కడివో. చెప్పులు కుట్టేవాళ్ళు వచ్చి కోసుకుపోతుంటారు. యేసన్న పైపంచె తలకు చుట్టి ఆ గుట్టలోకి దిగాడు. జయరాముడు ఒక్కొక్కటే లాగి ఇస్తుంటే, అతను దాన్ని నిలబెట్టి, దొర్లించి, లోపల చెయ్యి పెట్టి తడుముతూ పోయాడు.

ఆ తడమడం అతను నాయన దగ్గర నేర్చుకున్నది. వాళ్ళ నాయన బాలప్ప ఎడ్లతో నీళ్ళు తోడే కపిల బావులకు తోలు బానలు కుట్టేవాడు. తోలు పరిచి, కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ పోయేవాడు. బయటికి నిగనిగలాడే తోలు ఎక్కడ నీరు కారుతుందో ఆ వేలికి ముందే తెలిసేది. 'పైన చూసి మోసపోవద్దురా, లోపల నరం తెగిందేమో చూడు' అనేవాడు. బావులు ఎండాయి, బానలు పోయాయి, నాయన పోయాడు. ఆ వేలు మాత్రం యేసన్నకు వచ్చింది. టైరు లోపల నూలు ఒక్క పోగు తెగినా, అక్కడ రబ్బరు కొంచెం మెత్తబడి వేలికి తగులుతుంది.

"ఏమప్పా, పెండ్లికూతుర్ని చూస్తాండావా?" అని ముత్యాలప్ప నవ్వాడు.

"దీన్ని నమ్ముకోని ఇద్దరు కూచోవాల్ల గదప్పా. సూస్కోవద్దా?"

ఎండ నడినెత్తికి వచ్చింది. రేకులు సెగలు కక్కుతున్నాయి. చూసిన టైర్లు పక్కన ఇంకో గుట్ట అయ్యాయి. పక్కలు పగిలినవి, లోపల ఉబ్బినవి, మేకు పోటుకు నీరు దిగి కుళ్ళినవి. జయరాముడు విసుగ్గా మెడ తుడుచుకుని ఇంకొకటి లాగాడు. చివరికి అడుగున ఒకటి దొరికింది. తారురోడ్డు తప్ప ఎరగని ఏదో బస్సుది, నిలువు గీతలు ఇంకా సగం ఉన్నాయి. యేసన్న దాని లోపల రెండు చుట్లు తడిమాడు. మూడో చుట్టు కూడా తడిమాడు. దాని జత కోసం ఇంకో గంట పట్టింది. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి, చుట్టూ దారం చుట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అదే దారంతో వెనక లోపలి టైర్లనూ, కొత్త లగ్గు టైర్లనూ కొలిచి, ఎత్తు సరిపోతుందని తల ఊపాడు.

రెండో టైరు ఎత్తి బయటికి తెస్తూ అంగడి అరుగు మీద చటుక్కున కూర్చున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. ఎడమ చెయ్యి మోచేతిదాకా లాగుతోంది.

"ఏమైందన్నా?"

"ఎండప్పా. ఏం లేదు."

ముత్యాలప్ప ఆ రెండు పాత టైర్లనూ తిప్పి చూశాడు. నాలుగేళ్ళుగా తన కళ్ళ ముందే పడి ఉన్నవి. "తీస్కపో యేసన్నా. నువ్వు విప్పినవి ఈడ పడేసిపో, చెప్పులోళ్ళకు అవే ఇస్తా," అన్నాడు.

నాలుగు చక్రాలూ విప్పి, బిగించి, గాలి కొట్టేసరికి రెండయింది. నల్లమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలూ ఊరిమిండి పచ్చడీ ఇద్దరూ లారీ నీడలో కూర్చుని తిన్నారు. యేసన్న సగం రొట్టె జయరాముడి వైపు తోశాడు.

దారంతా యేసన్నే తోలాడు. స్టీరింగు కొత్తగా, తేలిగ్గా తిరుగుతోంది. జయరాముడు తలుపుకు చేరగిలబడి కునికిపాట్లు పడ్డాడు. అతను నిద్రపోవడం చూసి యేసన్నకు ఎందుకో సంతోషం కలిగింది. నల్లమాడ దగ్గర నీళ్ళున్న ఒక్క బావిలో ట్యాంకు నింపుకుని వంక దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

యేసన్న దిగి, ఇసుకలో అవతలి గట్టుదాకా నడిచి వచ్చాడు. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తగా ఉందో కాలితో చూసుకున్నాడు. వెనక టైర్లలో కొంచెం గాలి తీశాడు.

"కొత్త టైర్లకు గాలి తీస్తావేందన్నా?"

"అరచెయ్యి పరిచినట్ల పరుచుకోవాల్ల ఇసక మీద. అస్సాం బురదలో నేర్పిచ్చినారు. చూడు, రేపు నువ్వు గూడా ఇట్లే చేయాల్ల. మొదటి గేరు. మధ్యలో ఆపొద్దు, బ్రేకు ముట్టొద్దు."

లారీ వంకలోకి దిగింది. ముందు చక్రాలు ఇసుకలో కూరుకుని ఒక్క క్షణం తడబడ్డాయి. వెనక లగ్గులు ఇసుకను పట్టి, వదిలి, మళ్ళీ పట్టాయి. ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఇంజను మూలుగుతూనే ఉంది. యేసన్న స్టీరింగును గట్టిగా పట్టుకోలేదు, పసిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ముందు మూతి పైకి లేచింది. లారీ అవతలి గట్టు ఎక్కి, పల్లె ముందుదాకా పోయి నిలబడింది.

పల్లెలో మొదట ఎవరూ నమ్మలేదు. ఇంజను చప్పుడు విని బయటికొచ్చిన ఆడవాళ్ళు, గుమ్మాల్లోనే నిలబడి చూశారు. తరవాత ఒక్కసారిగా కడవలు, బిందెలు, కుండలు, తొట్లు. జయరాముడు పైపు పట్టుకుని కేకలు వేస్తున్నాడు. బయమ్మ ఈసారి అందరికంటే ముందుంది, ఆమె ఇల్లే మొదటి ఇల్లు.

కడవ నింపుకుని ఇంట్లో దించి, ఆమె ఒక ఇత్తడి చెంబుతో తిరిగొచ్చింది. యేసన్న ముందు చక్రం దగ్గర, దాని నీడలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఈ పల్లెల్లో అతనికి నీళ్ళిచ్చేవాళ్ళు పైనుంచి దోసిట్లో పోస్తారు. తాను మోసుకొచ్చిన నీళ్ళయినా అంతే. చిన్ననాటి నుంచీ అలవాటైన పద్ధతి కాబట్టి, ఆమెను చూడగానే దోసిలి పట్టి వంగాడు.

"వంగొద్దు నాయనా," అంది బయమ్మ. "పట్టుకో."

చెంబు అతని చేతిలో పెట్టింది. కడవల దగ్గర ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి చూశారు. యేసన్న చెంబును నోటికి జానెడు పైకెత్తి పోసుకోబోయాడు.

"కరుచుకోని తాగు. అంత పైకెత్తితే పొలమారతాది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. చెంబు అంచు పెదవులకు ఆనించుకుని, నిదానంగా, కళ్ళు మూసుకుని తాగాడు. సగం తాగి, తక్కినవి మళ్ళీ తాగుతానన్నట్టు చెంబు పక్కన నేల మీద పెట్టుకుని, చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఇంగ రోజూ ఈడికే వస్తాదమ్మా లారీ," అన్నాడు. "నడిచే పనిలేదు."

"సల్లగుండు నాయనా," అని బయమ్మ రెండో కడవ కోసం వెళ్ళింది.

ట్యాంకు అడుగంటింది. జయరాముడు పైపు చుట్టి కొక్కేనికి తగిలించి, "అన్నా, పొద్దు పోతాంది, పోదాం పా," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఇటువైపు వచ్చి చూస్తే, యేసన్న తల టైరు మీదికి ఒరిగి ఉంది. నిద్రపోయాడనే అనుకుని భుజం తట్టాడు. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. తరవాత అక్కడే, అతని కాళ్ళ దగ్గర, కూలబడ్డాడు.

బయమ్మ వచ్చింది. ఒంగి చూసింది. ఏడవలేదు. వాలుతున్న ఎండ అతని మొహాన పడుతుంటే కొంగు అడ్డం పట్టి, మగవాళ్ళు వచ్చేదాకా అట్లాగే నిలబడింది.

నలుగురు కలిసి అతన్ని ఎత్తి క్యాబినులో పడుకోబెట్టారు. నల్లమ్మ కదిరిలో ఉంది, అక్కడికి చేర్చాలి. జయరాముడు మొహం తుడుచుకుని స్టీరింగు వెనక కూర్చున్నాడు. మొదటి గేరు వేశాడు. మధ్యలో ఆపలేదు, బ్రేకు ముట్టలేదు. లారీ వంక దాటి, ఇవతలి గట్టెక్కి, దుమ్ములో కనపడకుండా పోయింది.

ఊరంతా నిండిన కడవల పక్కనే నిలబడి ఉంది. లారీ ఆగిన తావున, ముందు చక్రం అచ్చు పక్కన, సగం నీళ్ళతో బయమ్మ ఇత్తడి చెంబు అట్లాగే ఉంది.