ఫకీర్ చేసిన చీల

హైదరాబాదు మీద పోలీసు చర్య అయి నెల తిరగలేదు. రెజిమెంటల్ బజార్‌లోని నా షెడ్డుకు మా చర్చి సంఘపెద్ద దేవానందం గారు కారు తెచ్చారు. వెనక తలుపు కిందికి జారిపోయి, లాకు పడక, తాడుతో కట్టి ఉంది. శనివారం ఆయన కూతురు డోరా పెళ్లి. చర్చి ముందు తాడు విప్పి పెళ్లికూతుర్ని దించితే నలుగురూ నవ్వరూ?

"రేపటికల్లా అయిపోవాలి జకర్యా. ఇంకో మాట. ఆ ఫకీరు సాయిబు నా కారు మీద చెయ్యి వెయ్యకూడదయ్యా. ఈ రోజుల్లో వాళ్లని ఎట్టా నమ్ముతాం?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఫకీర్ పన్నెండేళ్లుగా నాతో పనిచేస్తున్నాడు. సైన్యం వచ్చిన ఆ అయిదు రోజులూ ఇద్దరం ఈ షెడ్డులోనే బిక్కుబిక్కుమంటూ గడిపాం. రజాకార్లు చేసినదానికి ఇతనా జవాబు చెప్పాల్సింది? ఈ పెద్దమనిషి కారు బ్రేకులు బిగించింది ఎవరనుకున్నాడు? ఇదంతా నోటిదాకా వచ్చింది, మింగేశాను. చర్చివాళ్ల కార్లన్నీ ఆయన మాట మీదే నా దగ్గరికి వస్తాయి మరి.

"జెర లోపలి గదిల కూసో అన్నా" అన్నాను ఫకీర్‌తో. అతను చేతిలోని గుడ్డ మడిచి పెట్టి లోపలికి వెళ్లాడు. దేవానందం గారు పని చూస్తూ కారు పక్కనే నిలబడ్డారు.

తలుపు అంచు పట్టుకుని ఎత్తితే వేలెడు పైకి లేచింది. తలుపు తిరిగే బందులో ఇనుప చీల అరిగిపోయిందన్నమాట. చీలలు చేయడం ఫకీర్ పని, నాకు రాదు. అందుకని లాకు పట్టే రేకును కాస్త కిందికి జరిపాను. చేతకానివాళ్లు చేసే పని అది. తలుపు రెండుసార్లు పడింది, మూడోసారి దానంతటదే తెరుచుకుంది.

గదిలోంచి ఫకీర్ అన్నాడు: "రేకు జరపకు. మొన్న బజార్ల సాబ్ కారుకు తాడు జూసి చీల చేసిన. బల్ల మీదున్నది, తీస్కో."

రేకును మళ్లీ పైకి జరిపాను. చీల ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఒకరు తలుపు ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు చీల దిగ్గొట్టాలి. "ఫకీర్‌ను వద్దన్నరు గద, మీరే పట్టుకోండ్రి" అన్నాను దేవానందం గారితో. గత్యంతరం లేక వంగారు. పాత చీల ఊడగానే బరువంతా ఆయన చేతుల మీద పడింది. కొత్తది ఎంతకీ తిన్నగా కూర్చోదు. ఆయన ముఖం కందగడ్డయింది. "కానియ్యవయ్యా, నడుం విరిగిపోతంది" అన్నారు.

ఫకీర్ బయటికొచ్చాడు. "జరుగుండ్రి సాబ్, నడుం పట్టేస్తది" అని తలుపు కింద తన భుజం పెట్టాడు.

ఆయన జరిగారు. వద్దని అనలేదు, మేలు చేశావనీ అనలేదు. చీల రెండు దెబ్బలకు దిగింది. ఫకీర్ రెండు వేళ్లతో నెడితే తలుపు మెత్తగా పడింది. ఆయన కారెక్కి వెళ్లిపోయారు, ఫకీర్ వైపు కన్నెత్తైనా చూడకుండా.

నేను ఇక ఆగలేకపోయాను. సంఘపెద్దట, సిగ్గు లేదట అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఫకీర్ చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"ఆయన్నెందుకు తిడ్తవ్ జకర్యా? ఆయనకు నేనెవర్ని? నన్ను గదిలకు పొమ్మన్నది నువ్వు" అన్నాడు.

అతను రోజూ షెడ్డులోనే వదిలి వెళ్లే తన పనిముట్లన్నీ సంచిలో వేసుకుని, సంచి భుజానికెత్తుకున్నాడు. రేపు వస్తావా అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.