వెనక తలుపు ఫిర్యాదు

మా అత్తగారికీ నాకూ ఉప్పూ నిప్పూ. ఇంట్లో చాలదన్నట్టు ఇద్దరిదీ ఒకే బట్టల ఫ్యాక్టరీ. ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర, నేను కంప్యూటర్ గదిలో. రెండు వందల ఫోన్లకు వైఫై నా చేతుల మీదుగానే వెళ్తుంది.

మంటలొస్తే బయటపడాల్సిన వెనక తలుపుకి మేనేజరు తాళం వేయించాడు. బట్ట దొంగతనంగా పోతోందట. మంగళవారం ఒంటిగంటా పదికి ఎవరో ఆ తాళం ఫొటో తీసి, పేరు లేకుండా కార్మిక శాఖకు పంపారు. బుధవారం పొద్దున్నే శాఖ నుంచి ఫోనొచ్చింది. పంపింది మన వైఫై మీదే అయ్యుంటుందని, సాయంత్రానికల్లా ఆ మనిషి పేరు తెమ్మని, వాళ్ల ఉద్యోగం పీకేస్తానని మేనేజరు నాతో అన్నాడు.

రికార్డు తెరిచాను. ఆ వేళకి కార్మిక శాఖ వైపు ఏదీ పోయినట్టు లేదు. అంటే ఫిర్యాదు, ఫోన్లో చేసేది దాచిపెట్టే వీపీఎన్‌లో వెళ్లింది. లోపలేముందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. కానీ వీపీఎన్ వాడిన ఫోన్ల చిట్టాలో ఉన్నది ఒకే ఒక్క వరుస. మా అత్తగారి ఫోను.

తప్పు నాదే. అది పెట్టుకుంటే ఏం చూస్తున్నావో ఎవరికీ కనపడదని నేర్పాను. పెట్టుకున్న సంగతి మాత్రం కనపడుతుందని చెప్పలేదు. ఆవిడేమో ఫిర్యాదు పంపిన ఆ పది నిమిషాలే దాన్ని నడిపి, ఛార్జింగు అయిపోతుందని ఆపేసింది. వంద రూపాయల కోసం వెయ్యిసార్లు ఆలోచించే మనిషి, ఛార్జింగు దగ్గర పొదుపు మానుతుందా?

భోజనాల వేళ విషయం చెప్పాను. భయపడుతుందనుకున్నాను.

"నేనొక్కదాన్నే ఉంటే కదమ్మాయ్ దొరికేది. అందరికీ పెట్టించు," అంది.

కాపురానికొచ్చాక ఆవిడ మాటకు ఎదురు చెప్పనిది అప్పుడే. ఆవిడ బల్లబల్లకీ తిరిగింది, నేను ఫోన్లలో పెట్టాను. గుండీలు కుట్టేవాళ్లు, కత్తిరించేవాళ్లు, చివరికి వాచ్‌మన్ కూడా పెట్టించుకున్నాడు. ఎందుకని అడిగినవాళ్లకు ఆవిడ తాళం చూపించింది. మళ్లీ ఎవరూ అడగలేదు.

మా పాత వైఫై పెట్టె ఆ చిట్టాలో వంద వరుసలే దాస్తుంది, కొత్తవి వస్తే పాతవి చెరిగిపోతాయి. మూడింటికి చూస్తే మంగళవారపు వరుస లేదు. నేనేమీ చెరపలేదు.

సాయంత్రం చిట్టా అచ్చుతీసి ఇస్తే మేనేజరు కాగితమంతా తిరగేశాడు. అన్నీ ఇవాళ్టివేనన్నాడు. మంగళవారానిది పెట్టెలో లేదన్నాను.

"పొద్దున చూశావుగా?"

"చూశానండి. ఎవరో తెలుసు. చెప్పను."

అబద్ధమాడి తప్పించుకోవచ్చు. బుద్ధి పుట్టలేదు, ఒళ్లు మండిపోతోంది. అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేశాడు.

సంచి తీసుకుని గదిలోంచి బయటికొచ్చేసరికే మాట పాకినట్టుంది, కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి. మా అత్తగారు వెనక తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. చుట్టూ రెండు వందల మంది. నా వెనకే వచ్చిన మేనేజరుని చూసి కూడా ఆవిడ లేవలేదు.

"మా కోడలు వెళ్లేది ఈ తలుపులోంచే. తాళం తీయండి."