టెంక ఎవరిది?

కృపారాణి పెరటి కుళాయి దగ్గర కూర్చుని మామిడి టెంకలు తోముతోంది. అంట్లు కాదు, టెంకలే. పాత బ్రష్షుతో పీచులో ఇరుక్కున్న గుజ్జు వదిలిస్తుంటే, వరండాలో ఫోను చూసుకుంటున్న మొగుడు పాల్‌కి నవ్వాగలేదు.

"మా, వచ్చి సూడు. నీ కోడలు టెంకలకి తలంటు పోస్తా ఉండాది!"

"ఇస్కూల్లో సెత్త సాల్లేదా, ఇంటికి మోసుకొచ్చింది?" అత్త వసంతమ్మ లోపల్నుంచే అంది.

మోసుకొచ్చిందేమీ లేదు, ఈ ఇంటి టెంకలే. పెళ్లయిన పదకొండేళ్లుగా ఈ ఇంట్లో తోతాపురి మామిడి కోసేది కృపారాణి. ఒక చెక్క మొగుడికి, ఒక చెక్క అత్తకి, పక్క ముక్కలు కూతురికి. టెంక తనకి. "రుచంతా టెంకలోనే ఉండాది రాణీ" అని పాల్ ఏటా ఎంత ప్రేమగా అంటాడంటే, ఆ రుచిని పెళ్లాం కోసం వదులుకుంటున్న త్యాగమూర్తి తానే అయినట్టు.

పూతలపట్టు దగ్గర బళ్లో ఆమె మూడో తరగతి టీచరు. ఆ గదిలో వెనక గోడ ఆమె రాజ్యం. నెలకో వేషం వేస్తుంది. ఎండలు తగ్గేవేళ మామిడి టెంకలు, వానలకి వేరుశనగ మొలకలు, చలి పోయేటప్పుడు చింతగింజలు. పిల్లలు ఇంట్లోంచి తెచ్చినవాటితోనే లెక్కలు, బొమ్మలు, తెలుగు. ఆ పాఠాలన్నీ నెలవారీగా ఒక ఫైల్లో రాసింది. కూర ఉడికేలోపు ఒక పేజీ, బస్సు వచ్చేలోపు ఒక పేజీ, మూడేళ్లు. ఇవాళ మీటింగులో చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ దాన్ని చూపిస్తారు. నచ్చితే జిల్లాకి పోతుంది. అట్ట మీద పేరు మాత్రం హెడ్మాస్టరు చక్రధర్‌ది. నిన్న అడిగితే ఆయన పెద్ద మనసుతో నవ్వాడు. "పేర్లో ఏముండాదమ్మా? సేసిన తృప్తి మీదే కదా. అసలు సుఖమంతా అందులోనే ఉండాది."

బ్రష్షు ఆగింది. ఈ మాట ఎక్కడో విన్నానే అనుకుంది. ఎక్కడో ఏమిటి, ఏటా వేసవిలో ఈ వరండాలోనే వింటోంది! చెక్కలు పంచుకున్నవాళ్లంతా టెంక రుచి గురించి ఎంత బాగా మాట్లాడతారో. ఒక్కడైనా ఎప్పుడైనా చీకి చూశాడా? ఆమెకి కోపం రావాలి, నవ్వొచ్చింది. టెంకలు సంచిలో వేసుకుని, పోయినేటి చార్టు చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

మీటింగులో చక్రధర్ ఫైలు తెరిచి దర్జాగా చదివాడు. టెంకలు లెక్కపెట్టడం, పెద్దవీ చిన్నవీ వరసలో పెట్టడం, నాటడం. చివరి పేజీ ఆయన ముందుగా చూసుకోలేదు. "పిల్లల్ని అడగవలసిన ప్రశ్న: మీ ఇంట్లో టెంక ఎవరు చీకుతారు?"

"నేనే సార్! ముప్ఫై ఏండ్లుగా," ముందు వరసలోంచి పక్క ఊరి టీచరు అలివేలమ్మ అంది.

ఆడ టీచర్లంతా గొల్లుమన్నారు. చక్రధర్‌కి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. పేజీ తిప్పాడు. వెనక ఏమీ లేదు.

"ఇది... మా మేడం సెప్తారు. రాండమ్మా."

కృపారాణి లేచింది. మైకు తీసుకోలేదు, సంచిలోంచి పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"ముందు అట్ట మీద పేరు మార్చండి సార్. ఆమీట సెప్తాను."

ఆయన అటూ ఇటూ చూశాడు. మార్చాడు, అక్షరాలు కొంచెం వంకరగా. అప్పుడు ఆమె చార్టు విప్పింది. ముప్ఫై ఒక్క మంది పిల్లల జవాబులు. ఇరవై ఏడు చోట్ల ఒకటే మాట: అమ్మ.

సాయంత్రం మామిడిపండు కోసింది. ఒక చెక్క అత్తకి, పక్క ముక్కలు కూతురికి. రెండో చెక్క తన పళ్లెంలో పెట్టుకుని, టెంక పాల్ చేతికిచ్చింది.

"ఇదేంది రాణీ?"

"రుచంతా అందులోనే ఉండాదంటివి కదా."

పాల్ అమ్మ వైపు చూశాడు. వసంతమ్మ తన చెక్కని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "మీ నాయన ఉన్నన్నాళ్లూ నేను సీకింది అదే. తిను నాయనా."

అతను తలొంచుకుని చీకుతుంటే రసం మోచేతిదాకా కారింది. కృపారాణి తన చెక్క తీరిగ్గా కొరికింది.

"తిన్నాక బ్రష్షు కుళాయి కాడ ఉండాది," అంది. "బాగా తోమి పెట్టు. రేపు బడికి కావల్ల."