డ్రమ్ము వదిలిన కాగితం

నా భార్య మేరీ చేతిరాతను జిరాక్సు మిషన్‌లో దూర్చినవాడు స్టీఫెన్. నాకు బావమరిది. తప్పు వాడిదే, అందులో మాట లేదు.

మేరీ సొంతంగా కట్టిన పాట ఒకటే. పల్చటి కాగితం మీద పెన్నుతో రాసి, మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఆమె పోయి ఏడాదైన రోజు చర్చి సంఘంలో కూడిక పెట్టుకున్నాం. పాట అందరికీ పంచాలని పులివెందులలో జమీలా నడిపే జిరాక్సు షాపుకు పోయాం. కాగితం వెనక ఖాళీగా ఉందని, దాని మీదే బైబిల్ వాక్యం ఒకటి అచ్చేయమన్నాడు స్టీఫెన్.

“శానా పల్చన మామా. చుట్టుకుంటాది” అంది జమీలా.

“అక్క పాటా, దేవుని వాక్యమూ ఒకే కాగితం మీద ఉండాల. నువ్వు ఊరికే భయపడతాండావు.”

వాక్యమున్న పేజీని అద్దం మీద పెట్టి, మేరీ కాగితాన్ని పక్క సందులో దూర్చి, మీట వాడే నొక్కాడు. కాగితం లోపలికి పోయింది. బయటికి రాలేదు.

జమీలా మిషన్ తలుపు తెరిచి, వెలుతురు తగిలితే లోపలి డ్రమ్ము చెడిపోతుందని చున్నీ అడ్డం పట్టింది. గుండ్రటి డ్రమ్ముకు కాగితం అతుక్కొని ఉంది.

“లాగాల్నా?” అన్నాడు స్టీఫెన్.

“నీ చేతులు జోబీలో పెట్టుకో మామా” అని, నా వైపు తిరిగింది. “డ్రమ్ము మీది నల్లపొడిని కాగితం మీదికి లాగేదానికి వెనక నుంచి ఒక తీగ కరెంటు ఇస్తాది అప్పా. దాంతో కాగితం గూడా డ్రమ్మును పట్టుకుంటాది. ఇంకో తీగ ఆ పట్టు తీసేస్తాది. మందం కాగితమైతే వంపు కాడ నిక్కి తనంతట తానే వచ్చేస్తాది. రాకుంటే ఈ గోర్లుండాయి.”

చూశాను. సన్నటి గోర్లు, డ్రమ్ముకు మొన ఆనీ ఆనకుండా ఉన్నాయి. అంచు కింద దూరి లేపడమే వాటి పని. ఎన్ని కాగితాలు లేపి ఉంటాయో, డ్రమ్ము మీద ఒక్క గీత లేదు. పట్టుకున్నదాన్ని అంత నెమ్మదిగా విడిపించే మనిషిని నేను చూడలేదు.

మేరీ కాగితం అంచు మెత్తబడిపోయి గోర్లకు దొరకలేదు. జమీలా డ్రమ్మును అది తిరిగే వైపే కొంచెం కొంచెంగా తిప్పింది. అంచు లేచింది. రెండు వేళ్లతో పట్టుకుంది, లాగలేదు. తిప్పుతూ పోయింది. డ్రమ్మే వదిలింది. చిరగలేదు.

వెనక వాక్యం నల్లగా పడి ఉంది.

“దీనికింకా వేడి తగల్లేదు, పొడి అంటుకోలేదు. తుడిస్తే పోతాది. ఉంచాల్నా?” అంది.

“దేవుని వాక్యం తుడిపిస్తావా బావా?” అన్నాడు స్టీఫెన్.

“తుడువమ్మా” అన్నాను.

మెత్తటి బ్రష్షుతో తుడిచింది. ఇవతల మేరీ అక్షరాలు ఒక్కటీ చెదరలేదు. వాటిని అద్దం మీద పెట్టి కాపీలు తీసింది. కూడికలో అందరం పాడాం.

వాక్యం ఎందుకు తుడిపించావని స్టీఫెన్ ఇంకా అడుగుతున్నాడు. ఆ కాగితాన్ని మళ్లీ మడిచి మేరీ బైబిల్లోనే పెట్టాను. వాడితో గానీ ఇంకొకరితో గానీ వాడు దాన్ని మిషన్‌లో దూర్చిన మాట ఇక ఎత్తను.