మూడో గడి

మా ఆవిడకు పతకం వచ్చింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది.

ఆ కబురున్న ఉత్తరం తెచ్చింది మా మరదలు, ఆవిడ చెల్లెలు. ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి యూనిఫాం అయినా మార్చుకోకుండా స్కౌట్ల జిల్లా ఆఫీసుకు వచ్చింది. ఆఫీసంటే ఒక గది, రెండు బీరువాలు, ఒక కాలు పొట్టిదైన బల్ల, నేను. ఇరవయ్యేళ్లుగా నేనే కార్యదర్శిని.

"చదువు బావా. పైకి చదువు."

చదివాను. మా ఊరి బాలికల దళం జాతీయ శిబిరానికి ఎంపికైంది. రిజిస్టరులో ఉన్న నాయకురాలే పిల్లల వెంట రావాలి. రాకపోతే దళాన్ని లోపలికి రానివ్వరు. పాతికేళ్ల సేవకు గాను ఆమెకు వేదిక మీద పతకం ఇస్తారు. కింద మా ఆవిడ పేరు.

"ఇంకా పన్నెండు రోజులే ఉంది," అంది మరదలు. "అక్కను ఎక్కణ్నుంచి తెమ్మంటావు?"

ఉత్తరం మీది తేదీ, ముద్ర సరిచూశాను.

మా సంస్థ సంగతి కొంచెం చెప్పాలి. ఏడెనిమిది మంది పిల్లలు ఒక జట్టు. మూడు నాలుగు జట్లు ఒక దళం. దళాలు జిల్లా కింద, జిల్లాలు ప్రాంతం కింద, ప్రాంతాలు జాతీయ కార్యాలయం కింద. కింద పిల్లలు తాళ్లకు ముడులు వేస్తారు, గుడారాలు ఎత్తుతారు, దెబ్బలకు కట్లు కట్టడం నేర్చుకుంటారు. పైన మేం కాగితాలు చూస్తాం. పైకి వెళ్లేకొద్దీ పిల్లలు తగ్గి కాగితాలు పెరుగుతాయి. ఏటా ప్రతి దళం తన వివరాలు నాకు పంపాలి. నేను సరిచూసి ప్రాంతానికి పంపాలి. తేదీలో ఒక అంకె తేడా వస్తే వెనక్కి. నల్ల సిరా బదులు నీలం వాడితే వెనక్కి. మా ఆవిడ ఒక ఏడాది పిల్లల ముద్దుపేర్లు రాసింది. మూడుసార్లు తిప్పి పంపాను. ఒకే ఇంట్లో ఉంటూ, పోస్టులో. దాన్ని నిజాయితీ అనుకున్నాను. ఆవిడ వేరే మాట వాడింది.

అలాంటి నేను, పోయిన మనిషిని నాలుగేళ్లుగా నాయకురాలిగా చూపిస్తూ వచ్చాను.

"ఈ నాలుగేళ్లూ ముడులు నేర్పింది నేను," అంది మరదలు. "వానలో బురదలో పిల్లల్ని వేసుకుని తిరిగింది నేను. నా పేరు లేదేంటి?"

"ఫారంలో గడి లేదు."

"ఏం గడి?"

బీరువాలోంచి ఫారం తీసి చూపించాను. నాయకురాలు మారారా? అవును, కాదు. అవునైతే కారణం: రాజీనామా, బదిలీ. ఆ రెండే గడులు.

"మీ అక్క రాజీనామా చెయ్యలేదు. బదిలీ కాలేదు. అందుకని 'కాదు' దగ్గర టిక్కు పెట్టాను."

ఫారం వంక చూసింది. నా వంక చూసింది. "ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నావు బావా?"

"రూలు..."

"రూలూ లేదు, నా మొహమూ లేదు. రాయడానికి చెయ్యి రాలేదని చెప్పు, వింటాను. గడి లేదంట."

మొదటి ఏడాది చెయ్యి రాని మాట నిజమే. తర్వాతి మూడేళ్లూ పాత ఫారం చూసి ఎత్తిరాశాను. దుఃఖం కింద రాసుకోవడానికి నాకు ఒక్క ఏడే ఉంది. మిగతాది బద్ధకం.

తప్పుడు వివరాలు పంపిన కార్యదర్శిని తీసేస్తారు. ఆ రూలు పెట్టమని పట్టుబట్టినవాణ్ని నేనే. కుర్చీ దక్కించుకునే ఉపాయం ఒకటి తోచింది.

"పోయిన నెల తేదీతో మీ అక్క రాజీనామా చేసినట్టు రాద్దాం. ఆ చోట నిన్ను వేద్దాం. ఎవరికీ తెలీదు."

ఉత్తరం మడత పెడుతున్నదల్లా ఆగింది.

"అక్క దేనికీ రాజీనామా చెయ్యలేదు," అంది. "నీతో కాపురానిక్కూడా."

అని కుర్చీ లాక్కుని కూర్చుంది. కాళ్లు నొప్పులంది. నేను రాసేదాకా ఆ నొప్పులు తగ్గలేదు.

స్కేలు పెట్టి ఆ రెండు గడుల కింద మూడోది గీశాను. పక్కన 'మరణం' అని రాసి టిక్కు పెట్టాను. కొత్త నాయకురాలిగా మరదలి పేరు, నాలుగేళ్ల కిందటి తేదీ రాశాను. తప్పు నాదని అడుగున రెండు వాక్యాలు చేర్చాను. నా చేతి మీదుగా అంత వికారమైన ఫారం ఎన్నడూ పోలేదు.

పోస్టులో వేస్తే శిబిరం అయిపోయాక చేరుతుంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ప్రాంతీయ కార్యాలయం గుమస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఈ గడి మా ఫారంలో లేదండీ."

"నేను గీశాను."

"మీరా?" నా సంగతి వాళ్లకు తెలుసు. వాళ్ల సర్క్యులర్లలో తప్పులు దిద్ది తిప్పి పంపిన ఘనత నాది. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. "మీరే గీశారా సార్?"

"స్కేలుతోనే గీశాను."

కమిషనరు గారు రిటైరైన డాక్టరు. లోపలికి పిలిచి కూర్చోమన్నారు. ఎప్పుడు పోయారని అడిగారు. చెప్పాను. ఏం జబ్బని అడిగారు. అదీ చెప్పాను. ఆ రెండు మాటలూ నా నోటితో ఒక ఆఫీసులో చెప్పడం అదే మొదలు. కమిషనరు గారు నాలుగేళ్ల ఫారాలు తెప్పించి పక్కపక్కన పరిచారు.

"మేమూ చూడలేదన్నమాట," అన్నారు. తర్వాత కలం తీశారు. కొత్త నాయకురాలితో దళం శిబిరానికి వెళ్లవచ్చు. పతకం రద్దు. జిల్లా కార్యదర్శి నెలాఖరుకు బాధ్యతలు అప్పగించాలి. కాగితం నా వైపు తిప్పారు. "ఏమైనా అభ్యంతరమా?"

"సంతకం కింద తేదీ వెయ్యలేదండి," అన్నాను.

వేశారు. తల ఎత్తకుండానే వేశారు.

బస్టాండు నుంచి మరదలికి ఫోను చేశాను. వెనకాల పిల్లల గోల.

"వెళ్లొచ్చు," అన్నాను.

"ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదే."

తాడు గట్టిగా పట్టుకోమని ఎవరినో కేకేసింది. "సరే బావా, ఉంటా. ఇక్కడ గుడారం ఒక పక్కకి ఒరిగిపోతోంది."

కుర్చీ పోయిందని చెబితే కాస్త జాలి పడుతుందేమోనని నోరు తెరిచాను. అప్పటికే పెట్టేసింది.